జిమ్ షూ: పాదం కొలత నుంచి లేసు ముడి దాకా

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న డైట్ గురించి. రెండోది షూ గురించి. "అన్నా, ఏ కంపెనీ తీసుకోమంటావు?" అంటారు. కంపెనీ పేరు నేను చెప్పను. నా పాదానికి అమిరింది మీకు అమరాలని లేదు, పైగా నేను చేసే వర్కౌట్ మీరు చేయకపోవచ్చు. ఎలా చూసుకోవాలో మాత్రం వరుసగా చెప్తాను. కాగితం, పెన్సిల్, స్కేలు దగ్గర పెట్టుకుని చదవండి.

1. ముందు మీ వారం రాసుకోండి

వారంలో జిమ్‌లో ఏ పని ఎంతసేపు చేస్తున్నారో రాయండి. చేయాలనుకుంటున్నది వద్దు, నిజంగా చేస్తున్నది రాయండి. షూ రకం అక్కడే తేలిపోతుంది.

- ట్రెడ్‌మిల్ మీద పరుగే ఎక్కువ: రన్నింగ్ షూ. వీటిలో మడమ వైపు ఫోమ్ మందంగా ఉంటుంది. మడమకీ మునివేళ్లకీ మధ్య ఎత్తు తేడా చాలా మోడళ్లలో 8 నుంచి 12 మిల్లీమీటర్లు.
- బరువులే ఎక్కువ: చదునుగా, గట్టిగా ఉండే సోల్.
- కొంచెం అదీ, కొంచెం ఇదీ: ట్రైనింగ్ షూ. ఎత్తు తేడా 4 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటుంది. సోల్ అంచులు వెడల్పుగా, పక్కలకు కదిలినా పాదం జారిపోకుండా ఉంటాయి.
- జుంబా, ఏరోబిక్స్: ఇవి కూడా ట్రైనింగ్ షూతోనే. రన్నింగ్ షూ సోల్ నేలను పట్టేసుకుంటుంది. ఒళ్లు తిరిగి పాదం తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

ఎక్కువ మంది చేసే తప్పు ఒకటుంది. షాపులో నొక్కి చూస్తారు, మెత్తగా ఉంటే "సూపర్ కంఫర్ట్" అని రన్నింగ్ షూ కొనేస్తారు. వాటితోనే స్క్వాట్ (బరువుతో గుంజీలా కిందికి దిగి లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల కడ్డీని, అంటే బార్‌ని ఎత్తడం) చేస్తారు. మైపాడు బీచ్ ఇసుకలో నిలబడి బియ్యం బస్తా ఎత్తి చూడండి, సంగతి అర్థమవుతుంది. బరువు పడగానే ఫోమ్ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అణిగి చీలమండ ఊగుతుంది. ఖాళీ బార్‌తో తెలియదు. 60 కిలోలు దాటాక తెలుస్తుంది.

ఒక్క జత మాత్రమే కొనగలిగితే ట్రైనింగ్ షూ తీసుకోండి. అసలు పరిగెత్తనివాళ్లకు మామూలు చదును సోల్ కాన్వాస్ షూ చాలు. పెద్ద కంపెనీ లోగో అతికించిన ఫస్ట్ కాపీల (నకిలీల) కన్నా అదే నయం. చాలామంది ఈ మాట వినరు, అది వేరే విషయం.

స్క్వాట్‌లో కిందికి దిగుతుంటే మడమలు లేస్తున్నాయా? ఖాళీ బార్‌తో, రెండు మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేటు పెట్టుకుని దిగి చూడండి. సులువుగా దిగగలిగితే మీ చీలమండ బిగుసుకుని ఉందన్నమాట. మడమ ఎత్తుగా ఉండే వెయిట్ లిఫ్టింగ్ షూ మీకు పనికొస్తుంది. వాటి మడమ ఎత్తు సుమారు 20 మిల్లీమీటర్లు. కాకపోతే వాటితో నడక, పరుగు ఇబ్బంది. అది రెండో జతగా ఉండాలి తప్ప మొదటిదిగా కాదు.

2. పాదం కొలుచుకోండి, అదీ సాయంత్రం పూట

పొద్దున కన్నా సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు, మన ఎండల్లో తిరిగేవాళ్లకు ఇంకా ఎక్కువ. వర్కౌట్ మధ్యలో కూడా ఉబ్బుతుంది. అందుకే కొలత సాయంత్రం తీయాలి.

నా కథ చెప్తాను. ఒక ఆదివారం పొద్దున్నే, ఆఫర్ అయిపోతుందేమోనన్న టెన్షన్‌లో, ట్రంకు రోడ్డు వైపు ఒక షాపులో షూ కొన్నాను. కొంచెం బిగుతుగా ఉన్నాయంటే కుర్రాడు "సాగతాయిలే అన్నా" అన్నాడు. సాగలేదు. ఇప్పటి జిమ్ షూల పైభాగం ఎక్కువగా మెష్ (జాలీ గుడ్డ), సింథటిక్. తోలు సాగినట్టు అవి సాగవు. మూడు వారాలకు బొటనవేలి గోరు నల్లబడింది. ఆ గోరు పూర్తిగా ఊడి కొత్తది రావడానికి ఏడాది దాటింది.

కొలిచే పద్ధతి:

1. జిమ్‌కి వేసుకునే సాక్సులే వేసుకోండి.
2. తెల్ల కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పరవండి. మడమ గోడకు తాకేలా నిలబడండి. కూర్చుని కొలవొద్దు, ఒంటి బరువు పడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది.
3. అన్నిటికన్నా ముందున్న వేలి దగ్గర గీత గీయమని ఇంట్లో ఎవరినైనా అడగండి. మీరే వంగితే బరువు ముందుకు జరిగి కొలత మారుతుంది. కొందరికి రెండో వేలు పొడవు, అలాగైతే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.
4. బొటనవేలి మొదలు దగ్గరి ఎముక నుంచి చిటికెన వేలి మొదలు దాకా వెడల్పు కొలవండి.
5. రెండో పాదానికీ ఇలాగే చేయండి. రెండూ సమానంగా ఉండకపోవడం మామూలే. పెద్ద పాదానికి తగ్గ సైజు కొనాలి.

ఈ కొలతలు సెంటీమీటర్లలో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. "నాది ఎనిమిది" అని మాత్రం గుర్తు పెట్టుకోవద్దు. నైకీ యూకే 8 బాక్సు మీద 27 సెంటీమీటర్లని ఉంటుంది, ఆడిడాస్ యూకే 8 మీద 26.5 అని ఉంటుంది. అంకె ఒకటే, లోపలి చోటు వేరు. యూకే లెక్కలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు. అర సైజంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు. గోరు నల్లబడడానికీ బాగుండడానికీ మధ్య తేడా అంతే.

ఆ మాటకొస్తే తడ దగ్గర మాంబట్టులో ఆడిడాస్ షూలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. 2022లో జిల్లాలు విడదీసేదాకా అది మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. షూ మన పక్కనే తయారైనా సైజు లెక్క మాత్రం ఇంగ్లండుదే.

3. వెడల్పు సంగతి విడిగా చూడండి

చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగిన పాదాలు మనవి. మునివేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ల కన్నా మన పాదాలు వెడల్పని తేల్చి, 'భ' అనే మన దేశపు సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. షాపుల్లో దొరికే షూలు మాత్రం ఇంకా వాళ్ల అచ్చుల మీదే వస్తున్నాయి.

ఇరుకు షూ దొరికినవాళ్లు ఏం చేస్తారంటే, ఒక సైజు పెద్దది కొంటారు. ముందు వెడల్పు సరిపోతుంది, మడమ మాత్రం వదులై పైకీ కిందికీ ఆడుతుంది. షూ వంగే చోటు, పాదం వంగే చోటు వేరైపోతాయి. అది సర్దుబాటు తప్ప పరిష్కారం కాదు.

వెడల్పు రకం అడగండి. మగవాళ్ల షూల్లో మామూలు వెడల్పుకు 'డి', వెడల్పైన రకానికి '2ఈ', ఇంకా వెడల్పైనదానికి '4ఈ' అని గుర్తులుంటాయి. ఆడవాళ్లవాటిలో మామూలుది 'బి', వెడల్పైనది 'డి'. న్యూ బ్యాలెన్స్, ఆసిక్స్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లను ఇలా వేర్వేరు వెడల్పుల్లో అమ్ముతాయి. ఒంగోలు, కావలి షాపుల్లో ఇవి తరచుగా ఉండవు, తెప్పించమని అడగాలి. వెడల్పు పాదం ఉన్న ఆడవాళ్లు మొహమాటపడకుండా మగవాళ్ల మోడళ్లు కూడా వేసి చూడండి. మడమ వదులు కాకపోతే చాలు.

4. పాత షూని తిరగేసి చూడండి

కొత్తవి కొనేముందు పాతవి బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. సోల్ లోపలి వైపుకి ఒరిగి అరిగిందా, బయటి వైపుకా? మడమ బయటి అంచు కాస్త అరగడం మామూలే. షూ మొత్తం ఒక పక్కకి వాలి ఉంటే మాత్రం పాదం గట్టిగా అటే ఒరుగుతోందని అర్థం.

ఇన్‌సోల్, అంటే షూ లోపల అరికాలి కింద ఉండే అట్ట, తీసి చూడండి. వేళ్ల అచ్చులు ఇన్‌సోల్ కొస దాకా వచ్చి ఉంటే సైజు చాలలేదు. చిటికెన వేలి దగ్గర మెష్ చిరిగి ఉంటే వెడల్పు చాలలేదు. బొటనవేలి గోరు మీదుగా చిల్లు పడిందా? సైజు తప్పు కావచ్చు, గోళ్లు తీయకపోవడం కూడా కావచ్చు.

ఈ పాత జతని షాపుకి తీసుకెళ్లండి. నోటితో చెప్పే దానికన్నా అది ఎక్కువ చెప్తుంది.

5. షాపులో పది నిమిషాలు

సాయంత్రం ఆరు తర్వాత, రద్దీ లేని రోజు చూసుకుని వెళ్లండి. పండగ ముందు వెళ్తే మిమ్మల్ని నిలబడి నడవనిచ్చేవాళ్లు ఉండరు. ఇక్కడ కొంచెం మొండిగా ఉండాలి. కొనకుండా నాలుగు జతలు వేసి చూస్తే ఏమనుకుంటారో అని తొందరపడ్డామా, రెండేళ్లు ఆ షూతో మనమే పడాలి.

తీసుకెళ్లాల్సినవి:

- జిమ్ సాక్సులు (షాపువాళ్లిచ్చే పల్చటి సాక్సు వద్దు)
- సెంటీమీటర్లలో రాసుకున్న కొలతలు
- పాత జత
- వాడుతుంటే మీ సొంత ఇన్‌సోల్, మోకాలి బెల్టు

ఇప్పుడు వరుసగా:

మొదట ఇన్‌సోల్ బయటికి తీయండి. నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. ఇన్‌సోల్ అంచు దాటి పాదం పక్కలకు పొంగుతోందంటే ఆ షూ ఇరుకు, కాలికి ఎక్కించి చూడనక్కర్లేదు. నా స్నేహితుడొకడు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం. అప్పటికే బిల్లు వేయించబోతున్న జత అది. ఇన్‌సోల్ తీసి నిలబడితే చిటికెన వేలు మొత్తం బయటే ఉంది. "మరి ఇంతసేపూ బాగానే ఉందే" అన్నాడు. కూర్చుని వేసుకున్నాడు కాబట్టి బాగానే ఉంది.

లేసులు కింది నుంచి పైకి బిగించండి. ముందే కట్టి ఉన్న షూలోకి కాలు దూర్చొద్దు. కాలు పెట్టాక మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి ఆనించి, అప్పుడు బిగించండి. రెండు వైపుల రంధ్రాల వరసలు దాదాపు సమాంతరంగా ఉండాలి. రెండు వరసలూ ఒకదానికొకటి తగిలేలా దగ్గరికొస్తే షూ మీకు వదులు. బాగా ఎడంగా ఉండిపోతే పాదం పైభాగం ఎత్తు, ఆ షూలో చోటు లేదు.

నిలబడి ముందు చోటు చూడండి. పొడవైన వేలికీ షూ కొసకీ మధ్య బొటనవేలి వెడల్పంత, అంటే ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉండాలి. బరువులు మాత్రమే ఎత్తేవాళ్లకు కొంచెం తక్కువైనా ఫర్వాలేదు. పరిగెత్తేవాళ్లకు తగ్గకూడదు. లోపల వేళ్లని పియానో వాయించినట్టు ఆడించండి, అన్నీ ఆడాలి.

మడమ చూడండి. మునివేళ్ల మీద పదిసార్లు లేచి దిగండి. మడమ రవ్వంత కదిలితే పర్లేదు, చెప్పులా టపటప ఆడితే వద్దు.

మీ వర్కౌట్ అక్కడే చేయండి. ఐదు స్క్వాట్లు, కాలికి మూడు లంజ్‌లు (ఒక కాలు ముందుకేసి మోకాలు వంచి దిగడం), పక్కలకు నాలుగు గెంతులు. ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడండి. షాపు మెట్లు దిగండి, వేళ్లు ముందుకి గుద్దుకోకూడదు. నవ్వేవాళ్లు నవ్వనీ.

చివరగా ఐదు నిమిషాలు వేసుకునే ఉండండి. విప్పాక పాదం చూడండి. ఎర్రగా గీత పడిన చోటు ఉంటే రేపు బొబ్బ లేచేది అక్కడే.

"ఎనిమిది లేదన్నా, ఏడున్నర ఉండాది, ఇదేసుకో" అంటే లేచి వచ్చేయండి.

6. సపోర్ట్‌ని చేతులతో పరీక్షించండి

సపోర్ట్ అంటే అరికాలి వంపు కింద ఒక గడ్డలా ఉండడమని చాలామంది అనుకుంటారు. దానికన్నా ముందు షూ ఒళ్లు గట్టిదా కాదా చూడాలి.

- వంచండి: మడమా కొసా పట్టుకుని వంచితే మునివేళ్ల మొదలు దగ్గర వంగాలి. సరిగ్గా నడుమకి మడత పడితే పక్కన పెట్టేయండి.
- పిండండి: తడి గుడ్డ పిండినట్టు మెలితిప్పితే కొంచెం ఎదురు తిరగాలి.
- మడమ గిన్నె నొక్కండి: వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే కాగితంలా అణిగిపోకూడదు.
- సోల్ నొక్కండి: బరువులకైతే బొటనవేలితో నొక్కినప్పుడు లోతుగా దిగకూడదు.

తడి పాదం పరీక్ష గురించి మీరు వినే ఉంటారు. కాళ్లు తడుపుకుని గచ్చు మీద అడుగేసి అచ్చు చూడడం. అచ్చు నిండుగా పడితే చదును పాదం, నడుమ సన్నగా పడితే వంపు ఎక్కువ. పాదం తీరు తెలుసుకోవడానికి అది చాలు, దాన్నిబట్టి షూ కొనేయడానికి చాలదు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు పాదం ఆకారాన్నిబట్టి షూలు ఇచ్చి చూశారు. దెబ్బలు తగలడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకని చదును పాదం ఉన్నా నొప్పి లేకపోతే దాని గురించి కంగారు పడి ఖరీదైన ఆర్చ్ సపోర్ట్ కొనొద్దు. వేసుకుని కదిలినప్పుడు ఏది హాయిగా ఉందో దాన్నే నమ్మండి. అరికాలి వంపు కింద ఖాళీగానూ అనిపించకూడదు, గులకరాయి గుచ్చుకున్నట్టూ ఉండకూడదు.

విడిగా ఇన్‌సోల్ వేసేటట్టయితే ముందు షూతో వచ్చినదాన్ని తీసేయాలి. రెండూ ఒకదానిమీదొకటి వేస్తే మడమ పైకి లేచి షూ అంచు దాటుతుంది, పట్టు పోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే పైన చెప్పిన "హాయిగా ఉందా" అన్న పరీక్ష పనిచేయదు, ఎందుకంటే ఒత్తిడి తెలియదు. ఇన్‌సోల్ మీద నిలబడే పరీక్షా, స్కేలు కొలతా తప్పనిసరి. వేసుకునే ముందు రోజూ షూలో చెయ్యి పెట్టి తడమండి, విప్పాక అరికాళ్లు చూసుకోండి. చిన్న పుండైనా డాక్టరుకి చూపించండి.

7. లేసులతో సరిచేయగలిగినవి

షూ మార్చేముందు లేసు మార్చి చూడండి. పైసా ఖర్చు లేదు.

మడమ జారుతుంటే: పైన చివర్లో, కాస్త వెనక్కి, ఒక అదనపు రంధ్రం ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. లేసుని అదే వైపున్న ఆ పై రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి దూర్చండి, పక్కన చిన్న ఉచ్చు మిగులుతుంది. రెండో వైపూ అంతే. ఇప్పుడు ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి, కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి తీసి కిందికి లాగి ముడేయండి. మడమ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది.

పాదం పైన నొక్కుతుంటే: ఎక్కడ నొక్కుతోందో ఆ చోట లేసుని అడ్డంగా వేయకుండా, అదే వైపున్న పై రంధ్రానికి నిలువుగా తీసుకెళ్లండి. ఆ పైన మామూలుగా అడ్డం వేయండి. నొప్పి ఉన్న చోట కిటికీలా ఖాళీ ఏర్పడుతుంది.

వేళ్లు మొద్దుబారుతుంటే: కొస వైపు మొదటి రెండు వరసలు వదులు చేసి, పైన మాత్రం బిగించండి.

లేసు విప్పకుండా మడమ తొక్కి కాలు దూర్చే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. గుమ్మం దగ్గర విప్పడం, వేసుకోవడం రోజుకి ఎన్నిసార్లో. మడమ గిన్నె విరిగేది అలాగే. ఇంటికీ బజారుకీ చెప్పులు వాడండి, షూ సంచిలో పెట్టుకుని జిమ్‌లోనే మార్చుకోండి. రోడ్డు మీది రాళ్లూ దుమ్మూ జిమ్ మ్యాట్ మీదికి రాకుండా కూడా ఉంటాయి.

8. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

- ఆ కంపెనీ సైజు పట్టికలో సెంటీమీటర్లు చూడండి. అది పాదం పొడవా, షూ లోపలి పొడవా అన్నది చదవండి. పాదం పొడవైతే మళ్లీ సెంటీమీటరు కలపనక్కర్లేదు.
- రివ్యూల్లో "ఇరుకు", "చిన్న సైజు వచ్చింది" అన్నవి వెతికి చదవండి.
- అనుమానం ఉంటే రెండు సైజులు తెప్పించి ఒకటి వెనక్కి పంపండి. మీ పిన్ కోడ్‌కి రిటర్న్ ఉందో లేదో ముందే చూసుకోండి.
- వచ్చాక ఇంట్లో శుభ్రమైన గచ్చు మీదే నడిచి చూడండి. ట్యాగు తీయొద్దు, వీధిలోకి వెళ్లొద్దు.

9. మొదటి రెండు వారాలు

కొత్త షూతో నేరుగా లెగ్ డేకి, అంటే కాళ్ల వర్కౌట్ రోజుకి, వెళ్లకండి. మొదటి రెండు మూడు రోజులు ఇంట్లో అరగంట. తర్వాత చేతుల వర్కౌట్ రోజుల్లో. ఆపైన తక్కువ బరువుల స్క్వాట్. మెత్తటి రన్నింగ్ షూ నుంచి చదును సోల్‌కి మారేవాళ్లకు పిక్కలు, మడమ వెనక నరం లాగుతాయి. వాళ్లు ఇంకో వారం తీసుకోవాలి.

అయితే మొదటి రోజే నొప్పి పుట్టించిన షూ పదిహేను రోజులకి మంచిదైపోదు. కొంచెం బిరుసు తగ్గుతుంది, అంతే.

10. ఎక్కడ నొప్పి, ఏం చేయాలి

- బొటనవేలి గోరు నలుపు: పొడవు చాలలేదు, లేదా మడమ జారి పాదం ముందుకి వస్తోంది. ముందు లేసుతో మడమ బిగించండి, తగ్గకపోతే అర సైజు పెంచండి.
- చిటికెన వేలి పక్కన ఆనెకాయ: వెడల్పు చాలలేదు. దీనికి మోడల్ మార్చడమే దారి. బ్లేడుతో కోసుకోవద్దు.
- మడమ వెనక బొబ్బ: మడమ రాసుకుంటోంది. లేసు ఉచ్చు, కొంచెం మందం సాక్సు.
- అరికాలు మంట: తడి సాక్సు, లేదా సోల్ అరిగిపోవడం. సాక్సు మధ్యలో మార్చి చూడండి.
- పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద పోటు: అరికాలి పట్టీ వాపు కావచ్చు. గెంతులు ఆపండి, ఇంట్లో గట్టి నేల మీద ఉత్త కాళ్లతో తిరగడం తగ్గించండి. రెండు వారాలకీ తగ్గకపోతే ఎముకల డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించండి.
- మోకాలి నొప్పి: అన్నిసార్లూ షూ మీదికి నెట్టొద్దు. బరువు తొందరగా పెంచారేమో చూసుకోండి.

11. మన ఎండ, మన చెమట

షూని చంపేది వర్కౌట్ కన్నా మనం పెట్టే చోటు. మే నెల మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో, కారు వెనక అద్దం దగ్గర వదిలేస్తే జిగురు మెత్తబడి సోల్ కొస నోరు తెరుస్తుంది. నాకు ఒక జత అలాగే పోయింది, ఏ షాపు తప్పూ లేదు.

సముద్రం గాలి తగిలే ఊళ్లలో చెమట త్వరగా ఆరదు. ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు, నవంబరులో, మరీ కష్టం. జిమ్ నుంచి రాగానే ఇలా చేయండి:

1. లేసులు వదులు చేసి, నాలుక పైకి లేపి, ఇన్‌సోల్ బయటికి తీయండి.
2. పాత న్యూస్ పేపరు ఉండలు చేసి లోపల కుక్కండి. గంట తర్వాత తడిసినవి తీసి కొత్తవి పెట్టండి.
3. నీడలో, ఫ్యాను గాలికి పెట్టండి. ఎర్రటి ఎండలో ఆరేయొద్దు.
4. వాసన ఉంటే రాత్రి చెంచాడు వంటసోడా చల్లి పొద్దున దులిపేయండి.

ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి పెట్టొద్దు, గుడ్డ సంచి వాడండి. వారానికి ఐదారు రోజులు వెళ్లేవాళ్లకు రెండు జతలు మార్చి మార్చి వాడితే ఒక్కోటీ పూర్తిగా ఆరే టైము దొరుకుతుంది. వేళ్ల సందుల్లో తోలు తెల్లబడి ఊడుతూ దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు. షూ ఎంత మంచిదైనా తడి సాక్సు రెండో రోజు వేస్తే వస్తుంది.

ఉతకాల్సి వస్తే వాషింగ్ మెషిన్‌లో వేయకండి. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. ఇంకోటి, జిమ్ షూతో బీచ్‌కి వెళ్లొద్దు. మెష్‌లో దూరిన ఇసుక మళ్లీ పూర్తిగా రాదు, లోపలి గుడ్డని గరుకు కాగితంలా అరగదీస్తుంది.

12. ఎప్పుడు మార్చాలి

రన్నింగ్ షూకి 500 నుంచి 800 కిలోమీటర్లని ఒక లెక్క ఉంది. బరువులెత్తే షూకి కిలోమీటర్ల లెక్క కుదరదు. ఈ గుర్తులు చూడండి:

- సోల్ పక్కన ఫోమ్ మీద ముడతలు పడి, నొక్కినా పైకి లేవడం లేదు
- బల్ల మీద పెడితే ఒక పక్కకి వాలుతోంది
- అడుగు గీతలు అరిగి టైల్స్ మీద జారుతోంది
- మడమ గిన్నె లోపలి గుడ్డ చిరిగి ప్లాస్టిక్ తగులుతోంది
- షూ మారలేదు, బరువులు మారలేదు, కానీ కొత్తగా కాళ్లు నొప్పి

వాడకుండా దాచుకున్న షూ కూడా పాడవుతుంది. కొన్నిటి సోల్ పాలీయూరిథేన్‌తో చేస్తారు. ఉక్కలో ఏళ్ల తరబడి పడుంటే అది గాలిలో తేమకే కుళ్లి, ఒకరోజు వేసుకోగానే పొడిపొడిగా రాలుతుంది. ఆఫర్‌లో రెండు జతలు కొని ఒకటి బీరువాలో పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కొత్త షూ తెచ్చిన రోజే ఇన్‌సోల్ తీసి అడుగున మార్కర్‌తో తేదీ రాయండి. "మొన్నే కదా కొన్నాం" అనుకున్న జతని నేను ఈమధ్య తిరగేసి చూస్తే రెండు ఉగాదులు దాటి ఉంది. పాతవాటిని వానాకాలం నడకకి ఉంచుకున్నాను.